ఇంట్ల లేడు

అప్పు తీసుకున్నవాడు చేతులెత్తేసి ఐపీ పెడతాడని, అంటే తాను దివాలా తీశానని కోర్టుకెక్కుతాడని అందరికీ తెలుసు. అప్పిచ్చినవాడు కూడా ఐపీ పెట్టి అవతలివాణ్ణి దివాలాకోరుగా తేల్చేయవచ్చని మాత్రం మా ముడిమ్యాలలో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. చేవెళ్లలో వకీలు దగ్గర పదిహేనేళ్లుగా గుమాస్తాను.

మా ఊరి మహేశ్వర్ అజీజ్‌నగర్ రిసార్టుల పెళ్లిళ్లకు పూలు సప్లై చేసి మునిగాడు. ఎరువుల దుకాణం జ్ఞానేశ్వర్‌కు తొమ్మిది లక్షలు బాకీ. మిగిలింది బోరున్న ఇరవై గుంటల భూమి. దాన్ని ముందుచూపుతో భార్య నిర్మల పేర దానపత్రం రాశాడు. ఆమె అందులో బంతి, చామంతి పెట్టి ఇల్లు నడుపుతోంది. ఆ రాత పడి రెండేళ్లు దాటితే కోర్టు దాని జోలికి రాదు. దాటకముందే ఐపీ పడితే అది చిత్తుకాగితమే. గడువుకు ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి.

జ్ఞానేశ్వర్ మా వకీలు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. బాకీ ఉన్నంత మాత్రాన చాలదని, మనిషి అప్పులవాళ్లకు మొహం చాటేసినట్టు రుజువు కావాలని వకీలు చెప్పాడు. మహేశ్వర్ ఆ రకం కాదు. అప్పులవాళ్లు వస్తే మంచం వాల్చి, చాయ్ పోయించి, ఎదురుగా కూర్చుని తిట్లు తినేవాడు. ఇద్దరూ నా వైపు చూశారు.

ఆ సాయంత్రమే మహేశ్వర్ ఇంటికి వెళ్లాను. నమ్మినవాణ్ణి నట్టేట ముంచడానికి పెద్ద తెలివి అక్కర్లేదు, ఒకే బడిలో చదివి ఉంటే చాలు. జ్ఞానేశ్వర్ మనుషులు కొట్టడానికి వస్తున్నారని, గడువు దాటేదాకా ఎవరికీ కనిపించవద్దని చెప్పాను. నిర్మల నాకు దండం పెట్టి, మా ఇంటిదానికని చామంతులు మూటకట్టి ఇచ్చింది.

ఆ తర్వాత మూడు రోజులు వరసగా జ్ఞానేశ్వర్ ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వాళ్ల వాకిట్లో నిలబడ్డాడు. మూడుసార్లూ నిర్మల బయటికొచ్చి, ఇంట్ల లేడని, ఎటు పోయిండో తెల్వదని చెప్పింది. మహేశ్వర్ లోపల బియ్యం సంచుల వెనుక కూర్చున్నాడు. నాలుగో రోజు ఐపీ పడింది.

వాళ్లకు ఆ సంగతి తెలియదు. గడువు దాటిన నాడు కోడిని కోసి నన్ను కూడా పిలిచారు. వెళ్లి తిన్నాను. కూర బాగుంది.

కోర్టులో పెద్దమనుషుల సాక్ష్యం విన్నాక గానీ నిర్మలకు తన మాట ఎక్కడ తగిలిందో తెలియలేదు. భర్త పారిపోలేదని చెబితే చాలనుకుని బోనెక్కింది.

"అబద్ధం చెప్పిన సారూ. ఆయన యాడికి పోలే. ఇంట్లనే, బియ్యం సంచుల ఎనుక దాక్కున్నడు."

మా వకీలు ఆమెకు నమస్కారం పెట్టి కూర్చున్నాడు. పారిపోయినా, దాక్కున్నా చట్టానికి ఒకటే. అడగాల్సిందేమీ మిగల్లేదు.

మహేశ్వర్ దివాలా తీసినట్టు తీర్పొచ్చింది. ఆ వెనుకే దానపత్రం రద్దయింది. ఇరవై గుంటలు వేలానికి పోయిన రోజు నిర్మల, కేసు వకీలుది, నాదేం లేదనుకుంది కాబోలు, నా బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"నర్సింహన్నా, నేనేం చెప్తే భూమి దక్కుతుండె?"

సిగ్గేసింది. కానీ అడిగింది కదా, చెప్పాను.

"ఏం చెప్పకున్నా దక్కుతుండె. ఆయన ఎప్పటిలెక్కనే వాకిట్ల కూసుంటే సరిపోతుండె."



"ఆయన కూసుంటననే అన్నడు. నేనే లోపలికి తోలిన. తప్పంత నాదే అన్నా."

నేను కాదనలేదు.