తాళం ఎవరు తిప్పారు

ఫ్యాక్టరీలో ఆయన అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. అందరికీ ఆయన 'ఎందుకు' గారు. సీసా మూతలు చేసే ఆ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ల పాటు ఏ యంత్రం ఆగినా అక్కడికి మొదట చేరేది ఆయనే. చేరి, చేతులు వెనక్కి కట్టుకుని, "ఎందుకు ఆగింది?" అనేవారు. బెల్టు తెగింది సార్ అంటే ఎందుకు తెగింది అనేవారు. అరిగింది సార్ అంటే ఎందుకు అరిగింది అనేవారు. ఐదో ఎందుకు దగ్గరికి వచ్చేసరికి ఎదుటివాడు తాను ఎందుకు పుట్టాడో కూడా సంజాయిషీ ఇచ్చుకునే స్థితికి వచ్చేవాడు. ఇంతకీ యంత్రం బాగయ్యేదా అంటే, అయ్యేది. బాగుచేసేది మాత్రం వేరేవాళ్లు. ఈయన కారణం కనిపెట్టేవారు, ఆ కారణం నూటికి తొంభై సార్లు ఆ యంత్రం దగ్గర నిలబడ్డ మనిషే అయ్యేవాడు.

రిటైరయ్యాక ఆ ఎందుకులన్నీ మూటగట్టుకుని ఇంటికొచ్చారు. పాలు ఎందుకు పొంగాయి, తలుపు ఎందుకు కిర్రుమంది, గడియారం నాలుగు నిమిషాలు ఎందుకు వెనకబడింది. భార్య రెండు నెలలు ఓపిక పట్టి మూడో నెలలో ఉద్యోగం చూసుకుంది. పెళ్లికి ముందు ఆవిడ ల్యాబులో రక్తం తీసే పని చేసేది. ఇప్పుడు ఒక ల్యాబు వాళ్లు పొద్దుటి రూటు ఇచ్చారు. ఏడున్నర లోపల తొమ్మిది ఇళ్లు తిరగాలి. కదల్లేని పెద్దవాళ్ల దగ్గర రక్తం తీసి, చల్లటి డబ్బాలో పెట్టి తెచ్చివ్వాలి. అందుకోసం యాభై రెండో ఏట కారు నడపడం నేర్చుకుంది. మొదటిసారి రివర్సులో గేటు దాటించిన రోజు తమ్ముడికి ఫోన్ చేసి అరగంట చెప్పింది. అవతలి వీధిలో ఒక ముసలావిడ "సూది ఎప్పుడు దిగిందో తెలీలేదమ్మా" అన్న రోజు వంటింట్లో కూనిరాగాలు తీసింది. ఆ ఇంట్లో ఆవిడ గొంతు అలా లేచి చాలా ఏళ్లైంది.

అంతా బాగుందనుకునేసరికి కారు మొండికేసింది.

పందొమ్మిదేళ్ల కారు మరి. ఒక పొద్దున తాళం తిప్పితే టక్ అని ఊరుకుంది. లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, రేడియోలో ఎవరో తీరిగ్గా వాతావరణం చెబుతున్నారు. ఇంజన్ ఒక్కటే పలకదు. అరగంట తరవాత తిప్పితే ఏమీ ఎరగనట్టు బుర్రుమంది. మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్తే అక్కడ ఇరవై సార్లు తిప్పితే ఇరవై సార్లూ బుద్ధిగా స్టార్టయింది. "నా ఎదురుగా ఆగితేనే కద సార్ నేనేదైనా చేసేది" అని మెకానిక్ చేతులు తుడుచుకున్నాడు. మూడోసారి మాత్రం పొద్దున్నే ఇంటికే వచ్చి, కారు కింద దూరి, ఒక తీగ ముక్క పట్టుకుని బయటికొచ్చాడు. ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరట. పైకి బాగానే ఉంది గాని లోపల తుప్పు పట్టి పీచు మిగిలింది. కొత్తది వేసి, "ఇంక రాదు సార్, నాదీ పూచీ" అన్నాడు.

తొమ్మిది రోజులు నిజంగానే రాలేదు. ఇంకెవరైనా అయితే హమ్మయ్య అనుకుని ఊరుకునేవారు. ఎందుకు గారికి తొమ్మిది రోజులూ నిద్ర పట్టలేదు. ఆయన అడగాల్సినవి అడక్కుండానే జబ్బు కుదిరిపోతే ఎలా? తుప్పు ఎందుకు పట్టింది? బ్యాటరీలో కరెంటు ఊరికే ఎక్కడైనా కారిపోతోందేమో ఎవరు చూశారు? తొమ్మిదో రోజు ఆయన ఒక మీటరు కొనుక్కొచ్చారు. ఆనాటి నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి సెల్లారులోకి దిగి, బానెట్ ఎత్తి, బ్యాటరీ మీది తీగ ఊడదీసి, మీటరు పెట్టి, వచ్చిన అంకె నోట్‌బుక్కులో ఎక్కించి, మళ్లీ తీగ తగిలించేవారు. నట్టు వేళ్లతోనే బిగించేవారు. రేపు మళ్లీ ఊడదీయాల్సిందే కదా, పానాతో బిగించడం దండగ అని ఆయన లెక్క.

పదో రోజు పొద్దున కారు టక్ అంది.

ఎందుకు గారి మొహం వెలిగిపోయింది. "చెప్పానా? వైరు కాదు" అంటూ బనీను మీద తువ్వాలు వేసుకుని మూడంతస్తులూ దిగారు. బానెట్ ఎత్తారు. ఇంజన్ మీదా, గొట్టాల మీదా, బ్యాటరీ తీగల మీదా ఒక్కోదాన్నీ చేత్తో నొక్కి చూశారు. దభాలున బానెట్ మూసి, డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పారు. బుర్రుమంది.

రెండు రోజుల తరవాత మళ్లీ అంతే. ఆవిడ తిప్పితే టక్, ఆయన వచ్చి అన్నీ తడిమి కూర్చుని తిప్పితే బుర్రు. నోట్‌బుక్కులో తేదీ, వేళ, ఎండా వానా అని అప్పటికే గడులు ఉన్నాయి. ఆయన స్కేలు పెట్టి ఇంకో గడి గీశారు. దానికి "తాళం ఎవరు తిప్పారు" అని పేరు పెట్టారు. ఐదోసారి ఆగేసరికి ఆ గడి చూసి ఆయనకి అనుమానమే లేకుండా పోయింది.

"చూడు, ఇది లెక్క. నేను చెప్పడం కాదు" అన్నారు భార్యతో. "ఆగిన ఐదుసార్లూ నువ్వే. నా చేతిలో ఒక్కసారి ఆగలేదు."

"నేనేం చేస్తున్నానండీ? తాళం తిప్పుతున్నానంతే కదా."

"అదే. ఎలా తిప్పుతున్నావన్నది ప్రశ్న."

ఆ సాయంత్రం ఆయన ఒక కాగితం మీద పదకొండు నియమాలు రాసి స్టీరింగు పక్కన అంటించారు. సీట్లో నిటారుగా కూర్చోవాలి. లైట్లు, ఫ్యాను ఆర్పి ఉండాలి. తాళం సగం తిప్పి పది లెక్కపెట్టాలి. క్లచ్ పూర్తిగా తొక్కాలి. తిప్పేటప్పుడు చేయి వణకకూడదు. ఇలా పదకొండు. ఆవిడ వాటిని పరీక్షకి చదివినట్టు చదివింది. అయినా వారానికి రెండుసార్లు టక్ అనేది. పది వేగంగా లెక్కపెట్టావు అనేవారాయన. మర్నాడు ఆవిడ ఇరవై లెక్కపెట్టేది. మరీ ఆలస్యం చేశావు అనేవారు.

అవతల తొమ్మిది ఇళ్లలో పరగడుపున కూర్చున్నవాళ్ల ఫోన్లు. "అమ్మాయ్, రక్తం నేనుండగానే తీస్తావా, పోయాక తీస్తావా?" అని ఒక పెద్దాయన రోజూ అడిగేవాడు. ల్యాబు మేనేజరు రెండుసార్లు మర్యాదగా చెప్పింది. మూడోసారి, ఇంకొక్కసారి ఆలస్యమైతే రూటు వేరేవాళ్లకి ఇచ్చేస్తామంది. తమ్ముడు ఊరుకోలేక "బావా, ఆ డొక్కు అమ్మేసి అక్కని ప్రశాంతంగా బతకనీయవయ్యా" అన్నాడు ఫోన్లో. "కారు బంగారం. మీ అక్క చెయ్యి తిప్పే తీరే కాస్త సరిచేయాలి" అన్నారు ఎందుకు గారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ పక్కనే బట్టలు మడతపెడుతోంది. మడతపెట్టిన చొక్కా విప్పి మళ్లీ మడతపెట్టింది. అనడానికి ఏముంది, లెక్క ఉంది కదా.

ఆ రోజుల్లోనే ఆవిడకి నిజంగా చేయి వణకడం మొదలైంది. సూది పట్టుకున్నప్పుడు కాదు, కారు తాళం పట్టుకున్నప్పుడు.

పదకొండోసారి కారు ఆగింది ఒక శుక్రవారం. ఆరోజు ఆవిడ ఆయన్ని పిలవనైనా లేదు. డబ్బా భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చి, తాళం బల్ల మీద పెట్టి, ల్యాబుకి ఫోన్ చేయడానికి లోపలికి వెళ్లింది. ఎందుకు గారు కాస్త కంగారు పడి మెకానిక్‌ని రమ్మన్నారు. నోట్‌బుక్కు చంకలో పెట్టుకుని సెల్లారులో నిలబడి, పదకొండు సార్ల చరిత్రా గడి గడికీ వివరించారు. మెకానిక్ వింటూనే బానెట్ ఎత్తాడు. బ్యాటరీ మీది తీగని రెండు వేళ్లతో పట్టుకుని కదిపాడు. పాప పన్ను కదిలినట్టు కదిలింది.

"సార్, ఈ నట్టు ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే. రోజూ ఊడదీసి చూస్తాను."

"ఊడదీసి?"

"మళ్లీ బిగిస్తాను. చేత్తో."

మెకానిక్ జేబులోంచి పానా తీసి ఒకటిన్నర చుట్టు తిప్పాడు. "లైట్లకీ రేడియోకీ ఈ మాత్రం అంటుకుంటే చాలు సార్. స్టార్టర్ మోటారుకి చాలదు, గట్టిగా పట్టి ఉండాలి. మీరొచ్చి ముందు ఇక్కడ చెయ్యేసి నొక్కుతున్నారు, బానెట్ దభీమని వేస్తున్నారు, అది కాసేపటికి అతుక్కుంటోంది. మేడమ్ నొక్కరు కదా. అసలు జబ్బు నేను వైరు మార్చిన రోజే పోయింది సార్." గొంతు తగ్గించాడు. "మేడమ్‌కి నేనేం చెప్పన్లెండి."

ఎందుకు గారు నోట్‌బుక్కు తెరిచారు. మీటరు కొనకముందు తొమ్మిది రోజులు, ఒక్కసారి ఆగలేదు. మధ్యలో తానొక్కరే బావమరిది ఇంటికి వెళ్లొచ్చిన నాలుగు రోజులు ఆయన తీగ ముట్టుకోలేదు, ఆ నాలుగు రోజులూ ఆగలేదు. తన చక్కటి రాతలోనే, స్కేలు పెట్టి గీసిన గడుల్లోనే అంతా ఉంది. తాళం ఎవరు తిప్పారని గడి గీశారు గాని నట్టు ఎవరు తిప్పారని గీయలేదు. ఆయనకి ఫ్యాక్టరీలో ఎంతమంది మొహాలు ఇలా మాడిపోయి ఉంటాయో అని మొదటిసారి అనిపించింది, అనిపించి చాలా సిగ్గేసింది.

మూడంతస్తులు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ బల్ల ముందు కూర్చుని సూదులు, దూది, ఎర్ర మూతల గొట్టాలు, నీలం మూతల గొట్టాలు వేరు చేసి ల్యాబుకి తిరిగివ్వడానికి సర్దుతోంది.

"వేరేవాళ్లని చూసుకోమని చెప్పేశానండీ" అంది తలెత్తకుండా. "పాపం, పెద్దవాళ్లు. నా మూలంగా ఆకలితో మాడుతున్నారు."

ఎందుకు గారు  కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, పెళ్లైన ముప్పై ఏళ్లలో ఎన్నడూ అనని మాట అన్నారు. "తప్పు నాది."

"ఏ తప్పు?"

ఆయన చెప్పారు. మీటరు, తీగ, నట్టు, చేత్తో బిగించడం, పానా, ఒకటిన్నర చుట్టు, ఏదీ దాచలేదు. ఆవిడ గొట్టాలు పక్కన పెట్టి శ్రద్ధగా విన్నది. వింటుండగా ఆవిడ కళ్లు నిండాయి. ఆయన గుండె కొంచెం తేలికపడింది. తిట్టినా సరే, తిట్టాలనే ఆయన కోరిక.

"ఎంత మంచివారండీ" అంది ఆవిడ.

"నేనా?"

"నా మనసు కష్టపడుతుందని తప్పు మీమీద వేసుకుంటున్నారు. ఇన్నేళ్లలో నాకోసం ఒక్క అబద్ధం ఆడలేదు మీరు."

"అబద్ధం కాదు! నిజంగా నట్టు వదులైంది!"

"వదులైతే మీ చేతిలోనూ ఆగాలి కదా?"

"నేను ముందు దాన్ని నొక్కేవాణ్ణి. నాకు తెలీకుండానే నొక్కేవాణ్ణి."

ఆవిడ నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ. "చేయి వణకకూడదని కూడా నియమం రాశారు మీరు. నొక్కితే స్టార్టవుతుందంటే అది రాయకుండా వదిలేస్తారా? మీరు నట్టు వదులుగా పెట్టే మనిషా? నాకు తెలీదా మీ సంగతి?"

ఆయన నోట్‌బుక్కు తెచ్చి చూపించారు. ఆవిడ వేలు సరిగ్గా ఆ గడి మీదే పెట్టింది. పదకొండు సార్లూ తన పేరే. ఇంక గత్యంతరం లేక మెకానిక్‌కి ఫోన్ కలిపి ఆవిడ చేతికిచ్చారు. అతను అవతల సార్ మర్యాద కాపాడుతున్నాననుకుని, "అబ్బే, అలాంటిదేం లేదు మేడమ్, పాత కారు కదా" అన్నాడు. ఆవిడ ఫోన్ తిరిగిచ్చి భర్త చెయ్యి నిమిరింది. అంత ప్రేమగా ఆవిడ ఆయన్ని చూసి ఎన్నేళ్లైందో. ఆ చూపు ఆయనకి చెంపదెబ్బలా తగిలింది.

రూటు మాత్రం దక్కింది. ఎందుకు గారు స్వయంగా ల్యాబుకి వెళ్లి మేనేజరుని బతిమాలుకున్నారు, జీవితంలో ఒకరిని బతిమాలడం ఆయనకి అదే మొదలు. మరి కారు అంటే, నేను నడుపుతానని పూచీ ఇచ్చారు. ఇప్పుడు రోజూ ఐదున్నరకి డ్రైవరు సీట్లో ఆయన, పక్కన చల్లటి డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆవిడ. ఒక్క రోజు ఆలస్యం లేదు. తొమ్మిది ఇళ్లలోనూ ఆయన గొప్పతనమే. "ఈ వయసులో పొద్దున్నే లేచి భార్యని తిప్పుతున్నాడు, ఇలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడు" అని అవతలి వీధి ముసలావిడ కిటికీలోంచి వినపడేలా అంటుంది. ఆయన స్టీరింగు మీదకి తల వంచుకుని ఏదో వెతుకుతున్నట్టు కూర్చుంటారు.

మొన్న ఒక సెలవు రోజు, తొందరేమీ లేదని, ఆయన కారు దిగి అటువైపు వెళ్లి తలుపు తీశారు. తాళం ఆవిడ చేతిలో పెట్టారు.

"నువ్వు తిప్పు. ఒక్కసారి."

"వద్దండీ."

"ఏమీ కాదు. నా మాట విను. ఎలా తిప్పినా స్టార్టవుతుంది."

"మీరుండగా నాకేం ఖర్మ" అంది ఆవిడ, తాళం తిరిగి ఆయన అరచేతిలో పెట్టి వేళ్లు మూస్తూ. "ఇన్నాళ్లకి దారిన పడింది. నా చేయి తగిలితే మళ్లీ మొదలవుతుంది."

ఆయన బతిమాలారు. ఆవిడ రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, రెండు కాళ్లూ దగ్గరికి ముడుచుకుని, తన సీట్లోనే కూర్చుంది. చేసేదేం లేక ఆయన ఇటు తిరిగి వచ్చి కూర్చున్నారు. ఏమీ తడమలేదు, ఏమీ లెక్కపెట్టలేదు, కావాలనే తాళం అడ్డదిడ్డంగా తిప్పారు. ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది.

"చూశారా" అంది ఆవిడ గర్వంగా.