డోలు వాయించేవాడికి పిల్లనివ్వను

మనిషి గుమ్మం దాటే తీరు చూసి వాడు ఏ వాయిద్యం వాయిస్తాడో చెప్పేయగలనని వాయిద్యాలు బాగుచేసే మేస్త్రికి గొప్ప ధీమా. జానపద బృందాల వాళ్లందరూ ఆయన కొట్టుకే వస్తారు మరి, ముప్పై ఏళ్లుగా చూస్తున్నాడు. వేణువు వాడు వస్తానన్న రోజుకు చచ్చినా రాడు. తంబుర వాడు ఇల్లు తగలబడుతున్నా శ్రుతి చూసుకుంటూ కూర్చుంటాడు. ఇక డోలు వాడంటారా, వాడికి నోరే తప్ప చెవులుండవు.

డోలంటే ఆయనకు పాత కక్ష. వయసులో ఉన్నప్పుడు పదకొండేళ్లు ఓ బృందంలో ఫిడేలు వాయించాడు. పక్కనున్న డోలు మోతలో అది ఒక్కరి చెవినా పడలేదు. ముందు వరసలో కూర్చున్న కన్నతల్లే "ఇంతకీ నువ్వు వాయించావా నాయనా?" అని అడిగింది. ఆ మాట ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

"నాన్నా, నేను చేసుకోబోయే అతన్ని ఆదివారం తీసుకొస్తాను. అతనూ వాయిద్యం వాయిస్తాడు" అంది కూతురు ఓ రోజు.

"ఏం వాయిస్తాడు? డోలు వాడికి మాత్రం పిల్లనివ్వను."

"మీరే కనిపెట్టండి. సరిగ్గా చెప్తే మీ మాట వింటాను. తప్పితే మాత్రం నోరెత్తకూడదు."

"సరే, పందెం" అని మేస్త్రి మీసం మెలేశాడు.

ఆదివారం అతను అన్న వేళకే వచ్చాడు. అంటే వేణువు కాదు. వేళ్ల కొసలు కాయలు కాచి లేవు, తీగ వాయిద్యమూ కాదు. పోనీ డోలా అంటే, తలుపు చప్పుడు కాకుండా వేశాడు, అత్తగారు కాబోయే ఆవిడ చెప్పే సోదంతా అడ్డు రాకుండా విన్నాడు. మేస్త్రికి పాలుపోలేదు.

కూతురు గోడకున్న ఫిడేలు తీసి తండ్రి చేతికిచ్చింది. ఆయన మొహమాటపడుతూనే మొదలెట్టాడు. అతను కుర్చీ చేతి మీద రెండు వేళ్లతో మెల్లగా తాళం వేయసాగాడు. రెండో చరణంలో మేస్త్రి తడబడితే ఆ వేళ్లు ఆగాయి, ఆయన అందుకున్నాక మళ్లీ కలిశాయి. వంటింట్లోంచి భార్య పొయ్యి ఆపేసి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మీరింత బాగా వాయిస్తారని నాకు తెలియనే తెలియదండీ!"

మేస్త్రి ఫిడేలు ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ రెండు వేళ్లు ఏ వాయిద్యానివో ఆయనకు తెలిసిపోయింది. కూతురి వంక చూశాడు. పిల్ల గోళ్లు కొరుక్కుంటోంది, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"చెప్పండి నాన్నా."

"ఫిడేలు" అన్నాడాయన.

"తప్పు!" అని కూతురు ఎగిరి గంతేసింది.

"ముప్పై ఏళ్లలో మొదటిసారి బోల్తా పడ్డారే!" అని భార్య బుగ్గలు నొక్కుకుంది.

"వయసు మీద పడింది, ఏం చేస్తాం?" అని మేస్త్రి ఫిడేలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. అతను వెళ్లడానికి లేచి చెప్పులు వేసుకుంటుంటే, "వచ్చే ఆదివారం డోలు కూడా పట్టుకురా బాబూ, ఇద్దరం కలిసి వాయిద్దాం" అన్నాడు.

"డోలని మీకెవరు చెప్పారు నాన్నా?" అంది కూతురు.

ఆ ఒక్క మాటా మేస్త్రికి వినపడలేదు.