వెనక రేకు లేని కొలత

మా అత్తగారి లెక్కలో నాది ఇనుప రేణువులకు చొక్కాలు తొడిగే ఉద్యోగం. వినడానికి ఒళ్ళు మండుతుంది కానీ, అందులో అబద్ధమేమీ లేదు. కంటికి ఆనని ఇనుప రేణువు లోపల, దాని చుట్టూ బొగ్గు తొడుగు. ఆ పొడిని జిగురులో కలిపి పలక పోస్తే, మీద పడిన రేడియో తరంగాల్ని అది మింగెయ్యాలి. ఈరోజు తనిఖీవాళ్ళకు అది చూపించలేకపోతే మా ప్రయోగశాల గదికి తాళమే.

పొద్దున మా ప్రయోగశాల పెద్ద, సార్, ఒక్కరే కొలిచారట. తిరిగొచ్చిన తరంగం దాదాపు సున్నా! ఆయన కాళ్ళు నేల మీద లేవు. తనిఖీవాళ్ళను కూర్చోబెట్టి అప్పుడే ఉపన్యాసం మొదలుపెట్టేశారు.

నేను పలక వెనక్కి తొంగిచూశాను. పలకను దాటొచ్చిన తరంగాన్ని వెనక్కి కొట్టడానికి అక్కడుండాల్సిన లోహపు రేకు గోడకు ఆనించి ఉంది. తుడిచి, మళ్ళీ పెట్టడం మరిచారు. రేకు లేకపోతే తరంగం పలకను దాటి అవతలికి పోతుంది. తిరిగి రానిదల్లా మింగినట్టే కనిపిస్తుంది.

"సార్, రేకు పెట్టలేదు" అన్నాను మెల్లగా.

"ఇప్పుడా చెప్పేది? ఊరుకో అమ్మా, వాళ్ళకేం తెలుస్తుంది!"

ఊరుకోవడమా? రెండేళ్ళు ఆ తొడుగు పట్టించే కొలిమి ముందు ఉడికింది ఈ దొంగ సున్నా కోసమా? అందరూ చూస్తుండగానే రేకు బిగించి మళ్ళీ కొలిచాను. సగం తరంగం తిరిగొచ్చేసింది.

తనిఖీకి వచ్చిన పెద్దావిడ కళ్ళజోడు సర్దుకున్నారు. "మరి మింగలేదేమ్మా?"

"లేదండీ. లోపలికైతే రానిస్తోంది, పట్టుకోవడమే చేతకావట్లేదు. బొగ్గు తొడుగు మరీ పల్చనైంది. మందం పెంచి చూపిస్తాను."

"నెలాఖరుదాకా చూస్తాం. అప్పటికీ ఇంతే అయితే గది ఖాళీ చెయ్యాల్సిందే."

వాళ్ళు వెళ్ళిపోయాక సార్ కుర్చీలో కూలబడ్డారు. "నలుగురిలో నా పరువు తీశావు."

"తీశాను సార్. తిట్టాలనుంటే తిట్టండి. రేపు పొద్దున్నే వస్తాను, కొత్త పొడి మొదలుపెడదాం."

ఆయన లేచి చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు.

"రేపెందుకు? కొలిమి ఇంకా వేడిగానే ఉందిగా."