తాకకుండా చూడాలి

ఉదయం తొమ్మిదింటికి నాగభూషణరావు తన ప్రోగ్రాములోని స్క్రీన్లన్నీ వరసగా తెరిచి మూస్తాడు. లాట్ నంబరు, చాంబరు, గేట్‌పాస్. మొదటిసారి నత్తనడక, రెండోసారి చకచకా. మొత్తం మెమరీలోనే ఉంది కదా అని తృప్తి పడతాడు. వినుకొండ రోడ్డులోని ఆ మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఏ రైతు బస్తాలు ఏ అంతస్తులో ఉన్నాయో చెప్పే ప్రోగ్రామది. ఇరవై రెండేళ్ల కిందట అతనే రాశాడు. పొట్టి మనిషి, జేబులో రెండు పెన్నులు, నుదుట చెరగని విభూతి.

ఇవాళ మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

కారణం షాహిస్తా. ఆర్నెల్ల కిందట వచ్చి, ఇద్దరి బల్లల మీది స్క్రీన్లనూ నడిపే అదే కంప్యూటర్లో తన కొత్త ప్రోగ్రాము పెట్టిన పిల్ల. రెండిటికీ మెమరీ చాలక మెషిన్ మొరాయిస్తోంది. ఎవరూ వాడనిదాన్ని సాయంత్రానికి తీసెయ్యమన్నాడు ఓనరు మస్తాన్‌రావు.

"నాది రోజూ మెమరీలోనే ఉంటదమ్మాయ్, చూస్కో!" అన్నాడు భూషణరావు.

"మీరు తెరిస్తే వస్తది బాబాయ్. ప్రోగ్రాముని పేజీలని ముక్కలు చేసుకుని, వాడే పేజీలనే మెషిన్ మెమరీలో ఉంచుద్ది, వాడనియ్యి డిస్కులోనే వదిలేస్తది. ఏ పేజీలు మెమరీలో ఉన్నయ్యో తాకకుండా మెషిన్నే అడగాల. నేను అడుగుతా, అందాకా ముట్టుకోమాకండి."

రోజంతా కుళ్ళుకున్నాడు. మర్యాదగా ఇంకో పేరు పెట్టొచ్చు గానీ అది కుళ్ళే. నకరికల్లు రైతు కోటయ్య ఇరవై ఏళ్లుగా "ఏంది భూషణం" అంటూ తన దగ్గరికే వచ్చేవాడు. ఇవాళ అతనూ అందరిలాగే నేరుగా ఆ పిల్ల బల్ల దగ్గరికెళ్లి, "అమ్మాయ్, నా బస్తాలు యాడున్నయ్యో చూడు" అన్నాడు. ఆమె స్క్రీను మీది రంగులు చూస్తుంటే భూషణరావు కళ్లలో కారం కొట్టినట్టయింది.

నాలుగింటికి షాహిస్తా మెషిన్‌ని అడిగింది. జవాబు చదివి కుర్చీ అతని వైపు తిప్పింది.

"చెప్పమ్మాయ్."

"మూడు వేల పేజీల్లో మెమరీలో పదకొండే ఉన్నయ్ బాబాయ్."

"ఆ పదకొండూ ఎవరు వాడారు?" ఆశగా అడిగాడు.

"ఎవురూ కాదు. ఎవరన్నా పిలుస్తారేమోనని కాసుకోనుండేయి అయ్యి." తల వంచుకుంది. "ఇంకో వారం ఆగమని ఓనరుకు నేను చెప్తాలే."

ఆమె గర్వంగా నవ్వి ఉంటే బాగుండేది. ఆ జాలినే ఓర్చుకోలేకపోయాడు.

"ఎందుకులే," అని తన ప్రోగ్రామును తానే ఆపేశాడు, తానే తీసేశాడు. నిమిషం కూడా పట్టలేదు. ఆరు కాకుండా ఏనాడూ కుర్చీ దిగనివాడు నాలుగున్నరకే చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

షాహిస్తా వచ్చి, ఆర్నెల్ల కిందట తనతోపాటే కొత్తగా వచ్చిన అతని కీబోర్డు చూసింది. మిగతా మీటలన్నిటి మీదా అక్షరాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి; స్క్రీన్లు తెరిచే ఒక్క మీట మాత్రం అరిగి నున్నగా మెరుస్తోంది.