ఆఖరి స్టాపులో ఈల

కండక్టర్ అద్దం ముందు నిలబడి, ఇత్తడి ఈల పెదవుల మధ్య పెట్టుకుని ఊదాడు. గాలంతా ఎడమ మూల నుంచి తుస్సుమంది.

"మీకన్నా నా కుక్కరు నయమండీ, పెట్టిన కాసేపటికైనా కూస్తుంది," అంది వంటింట్లోంచి భార్య.

"ఇవాళ కూయాలే. మా డ్రైవరన్నకి ఇదే ఆఖరి డ్యూటీ."

రెండు నెలల కిందట జ్వరం వచ్చి తగ్గింది. ఆ వెంటనే ముఖం ఎడమవైపు జారిపోయింది. వైరస్‌ని తరమడానికి లేచిన ఒంట్లోని సైన్యమే గురి తప్పి ముఖం నరాన్ని దెబ్బకొట్టిందనీ, మెల్లగా కోలుకుంటుందనీ డాక్టరమ్మ చెప్పింది.

"అంటే దొంగ పారిపోయాక కుక్క ఇంటాయన్నే కరిచిందన్నమాట," అన్నాడు.

ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు, కుడివైపు.

ఎడమ కన్ను దానంతటది మూతపడదు. టికెట్లు కొడుతూ మధ్యమధ్య వేలితో రెప్ప దించుకుంటాడు. కన్ను కొడుతున్నాడని ఎవరైనా చెప్పు తీస్తారేమోనని భయం.

అతని బతుకంతా బస్సు వెనక తలుపు దగ్గరే గడిచింది. ముందున్న దారి సరిగ్గా చూసిందే లేదు. చూసిందల్లా డ్రైవర్ మెడ. దాని మీది జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ, ఇప్పుడు ముగ్గుబుట్టయ్యేదాకా. డ్రైవర్‌కూ ఇతని ముఖం కన్నా ఈలే బాగా తెలుసు. పై ఆఫీసర్లకి ఇద్దరి ముఖాలూ తెలీవు. తెలిసి ఒరగబెట్టేదీ లేదు.

ఈల పోయాక బస్సు రేకు మీద చరచడం మొదలెట్టాడు. మొన్నొక ముసలాయన కూతుర్ని ఎక్కించి, "జాగ్రత్తమ్మా" అంటూ రేకు మీద చరిచాడు. బస్సు కదిలిపోయింది. కింద నీళ్లు తాగుతున్న కండక్టర్, గడ్డం మీదుగా కారుతున్న నీళ్లతోనే తర్వాతి స్టాపుదాకా పరిగెత్తాడు.

"గేదెను అదిలించినట్టు ఆ చరుపులేంట్రా తమ్ముడూ! చరిచిన ప్రతివాడూ కండక్టరే అయిపోతున్నాడు," అన్నాడు డ్రైవర్. నవ్వి, గొంతు తగ్గించాడు. "నీ ఈల వినకుండానే దిగిపోతానేమోరా."

ఆ మాటే గుచ్చుకుంది.

ఇవాళ ప్రతి స్టాపులోనూ ఊదాడు. తుస్సే. డిపోకి ముందున్న ఆఖరి స్టాపు వచ్చింది. పెదవి మూలని చూపుడువేలితో గట్టిగా అదిమి, కళ్లు తేలేసి ఊదాడు. సన్నగా, వంకరగా, కూత నేర్చుకుంటున్న పుంజులా పలికింది ఈల.

బస్సు కదల్లేదు.

"పదన్నా!"

"వినపళ్లేదురా. ఇంకోసారి."

వినపడింది. అద్దంలో డ్రైవర్ పళ్లన్నీ కనిపిస్తున్నాయి. మళ్లీ ఊదాడు. బస్సంతా చప్పట్లు.

డిపోలో డ్రైవర్ తాళాలు అప్పగించి, తమ్ముడి వంకర బుగ్గని గిల్లి, కూతురి స్కూటరెక్కి వెళ్లిపోయాడు. మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి, కండక్టర్ లైట్లార్పడానికి బస్సు ముందుకి వెళ్లాడు. డ్రైవర్ సీటులో పువ్వులు వెలిసిపోయిన చిన్న దిండు, నడుమ గుంటపడి, ఇంకా వెచ్చగా ఉంది.