అక్తరమ్మ దవడ పన్ను

నంద్యాల విత్తనాల గోడౌన్లో గేటు దగ్గరి కుర్చీ ఇరవై రెండేళ్లుగా అక్తర్ బేగందే. రైతులు శనగల ట్రాక్టర్లతో బారులు తీరితే, ఆమె మూటకో గింజ తీసి కుడి దవడ పంటి కింద పెట్టి కొరికేది. టక్కున పగిలితే ఆరిన సరుకు, లోపలికి. మెత్తగా నలిగితే తేమ ఉన్నట్టు, ఎండబోయడానికి కల్లం మీదికి. ఆ తర్వాత మెషీన్ పెట్టి చూసినా ఆమె మాటే నిలిచేది.

అలాంటి కుర్చీకి ఈ ఏడు పోటీ వచ్చింది. కంపెనీ ఆళ్లగడ్డ గోడౌన్ మూసేసి, అక్కడి పదకొండు మందినీ తెచ్చి నంద్యాలలో కలిపింది. వాళ్లలో మహాలక్ష్మి ఒకతె. ఆమె గింజ కొరకదు. గుప్పెడు శనగలు చెవి దగ్గర ఆడించి, ఆ గలగల విని చెప్పేస్తుంది. అక్తరమ్మ పంటిని ఏనాడూ మెచ్చుకోని హమాలీలు "ఇంగోసారి ఆడించు మహాలక్ష్మక్కా" అంటూ వెంటబడ్డారు. టీ కూడా ముందు ఆమెకే పోతోంది. అక్తరమ్మకు ఒళ్లు మండిపోయింది. పైకి నవ్వుతూనే లోపల కుతకుత ఉడికిపోయింది. గిలక్కాయ ఆడించుకునే దానికి అంత సంబడం ఏమిటో!

పైగా ఎవరికీ చెప్పని సంగతొకటి ఉంది. ఆ కుడి దవడ పన్ను పుచ్చిపోతే పోయిన వారమే పీకించుకుంది. ఎడమ పంటికి ఆ విద్య అబ్బలేదు. అప్పట్నుంచీ గింజ కొరికినట్టు కొరికి, అందాజుగా చెప్పి నెట్టుకొస్తోంది.

రెండూళ్ల వాళ్లూ ఎడమొహం పెడమొహంగా ఉన్నారని తెలిసి, హెడ్డాఫీసు పవన్ అనే ఆఫీసరును పంపింది. అతను శనివారం పని ఆపించి కల్లం మీద ఆటలు పెట్టాడు. దాన్ని టీమ్ బిల్డింగ్ అంటారట. తాడు లాగించాడు, బెలూన్లు ఊదించాడు. చివరి ఆటకు ఊరికొకరు చొప్పున జోడీలు కట్టాడు. అయిదు గిన్నెల్లో శనగలు, ఒకదాంట్లో మాత్రం తేమవి. ఒకరు గంతలు కట్టుకుని అదేదో చెప్పాలి. రెండోవాళ్లు నోరు మెదపకుండా గింజలు చేతికివ్వాలి.

అక్తరమ్మకు జోడీ ఎవరనుకున్నారు? మహాలక్ష్మే.

గంతలు కట్టేముందు మేనేజరు సుబ్బయ్య వచ్చి ఆమె చెవిలో ఊదాడు. "అక్తరమ్మా, గేటు కాడ ఒక్కరే ఉండాలంటాండారు. నువ్వు గెలిస్తే కుర్చీ నీదే. లేకుంటే ఆ యమ్మికే."

మొదటి గిన్నె గింజ కొరికింది. రెండోది కొరికింది. రెండూ ఒకేలా అనిపించాయి. పక్కనే మహాలక్ష్మి గుప్పిట్లో శనగలు గలగలమన్నాయి. ఆ చప్పుడుకు అక్తరమ్మకు చిర్రెత్తుకొచ్చింది. మూడో గింజ ఇస్తూ మహాలక్ష్మి ఆమె వేళ్లు మూసి గట్టిగా నొక్కింది. నాలుగో గింజకు నొక్కలేదు, అయిదోదానికీ నొక్కలేదు.

'ఓహో, నన్ను ఓడించి కుర్చీ ఎక్కాలని ఎత్తు వేసింది' అనుకుంది అక్తరమ్మ. దీని సైగ నమ్మేంత పిచ్చిదాన్నా నేను!

"నాలుగోది," అంది తల ఎగరేసి.

గంతలు విప్పారు. తేమ గింజలు మూడో గిన్నెలో ఉన్నాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సుబ్బయ్య తల వంచుకుని పక్కకు పోయాడు.

"మూడోదని నొక్కితి గదక్కా," అంది మహాలక్ష్మి గొంతు తగ్గించి. "అయిదారు దినాల్నుంచి చూస్తాండా, ఎడమ పక్కనే నములుతాండావు. పన్ను పోయిందని నాకు తెలుసు."

"తెలిసీ యాల జెప్పలేదు సుబ్బయ్యకు?"

"ఎందుకు జెప్పాల? మాకు ఆడ గోడౌన్ పాయ. ఈడ నీ కుర్చీ గుంజుకుని కూచోమంటావా?"

సోమవారం పొద్దున మహాలక్ష్మి ఆ కుర్చీలో కూర్చుంది. టీ రాగానే మొదటి గ్లాసు తనే తెచ్చి అక్తరమ్మ చేతిలో పెట్టి పోయింది. అక్తరమ్మ తాగలేకపోయింది. ఆ గంతలు మహాలక్ష్మి కట్టుకుని ఉంటే తను వేళ్లు నొక్కేదా? నొక్కేది కాదు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. ఇన్నాళ్లూ ఆ యమ్మి చెవిని చూసి కుళ్లుకుంది. ఇప్పుడు మనసును చూసి కూడా కుళ్లుకోవాల్సి వచ్చింది.