నలభై పసుపు బొట్లు

మా నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య రెండు నెలల వ్యవధి. ఆ రెండు నెలల్లో మిగతా అమ్మాయిల ఫోన్లకు ఏమేం వస్తాయో నాకు తెలియదు గానీ, నా ఫోన్‌కు మాత్రం కారు చక్రాల ఫోటోలు వచ్చేవి. పొద్దున లేచేసరికి ఐదు చువ్వల చక్రం, మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు పది చువ్వల చక్రం, పడుకోబోయే ముందు వల అల్లినట్టుండే చక్రం. కింద ఒకటే ప్రశ్న: "ఏది బాగుండాది?"

పంపింది విష్ణువర్ధన్. నాకు వరసకు బావ, ఇప్పుడు మొగుడు. హోసూరులో బాగలూరు రోడ్డు మీద కార్లకు అల్లాయ్ చక్రాలు బిగించే షాపు నడుపుతాడు. నేను వేప్పనపల్లి మామిడితోటల్లో పెరిగి, కృష్ణగిరిలో కెమిస్ట్రీ డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసైనదాన్ని. ఈ డిగ్రీ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోయే చోట మీకు పనికొస్తుంది.

ఆ ఫోటోలన్నీ ఒకే కారు కోసం. బేరికె దగ్గర గులాబీలు పండించి విదేశాలకు పంపే శివరాజ్ గారి సూపర్‌కారు. ఇటలీలో తయారైంది, ముదురు ఆకుపచ్చ రంగు, ఎత్తు నా నడుము దాటదు. ఈ చుట్టుపక్కల అలాంటి కారున్నవాళ్లు చక్రాలు మార్చాలంటే నేరుగా బెంగళూరు పోతారు. శివరాజ్ గారు మాత్రం మన ఊరి పిల్లోడు చేస్తానంటున్నాడు కదా అని తాళం విష్ణు చేతిలో పెట్టారు. పని కుదిరితే ఆయన స్నేహితుల కార్లూ ఈ షాపుకే వస్తాయి. చెడితే, హోసూరువాళ్లకిచ్చి కారు పాడుచేసుకున్నాడన్న మాట అంతకంటే వేగంగా పోతుంది. విష్ణు రెండు నెలలుగా నిద్రలో కూడా చక్రాల కొలతలే చెప్పేవాడట. పెళ్లయ్యాక అది నిజమేనని తేలింది.

విష్ణు ఓటు నలుపుకు. నేనేమో "తెలుపు. మెరుపు లేని తెలుపు. పచ్చ పట్టుచీర మీద మల్లెదండ మాదిరి ఉంటుంది" అని రాసి పంపాను. ఆ ముక్క ఉన్నదున్నట్టు శివరాజ్ గారికి చేరింది, "మా ఇంట్లో వాళ్లు అంటున్నారు సార్" అన్న మాటతో సహా. పెళ్లికి ఇంకా నలభై రోజులుండగానే! ఆయన ఒక్క నిమిషంలో ఒప్పుకున్నారట. సూపర్‌కారు చక్రాల రంగు నేనే నిర్ణయించానని పెళ్లిలో అందరికీ చెప్పాను. పురోహితుడికి కూడా చెప్పాను. ఆయన పాపం మంత్రం మధ్యలో ఆగి తలూపాడు.

పెళ్లైన పంతొమ్మిదో రోజున చక్రాలు వచ్చాయి. కృష్ణగిరిలో జయప్రకాశ్ అనే పెయింటరు వాటికి రంగు వేసి పంపాడు. మెరుపు పూత లేదు కాబట్టి ఏది తగిలినా పీల్చుకుంటుంది, జాగ్రత్త అని కూడా చెప్పి పంపాడు. నేను విన్నాను. విని, గ్రీజు గురించి అనుకున్నాను.

శనివారం సాయంత్రం విష్ణు ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. షాపు నుంచి మత్తిగిరిలోని మా ఇంటికి బండి మీద పది నిమిషాలు.

"జ్యోతీ, చపాతీ పిండి కలిపినావా?"

"ఇప్పుడేనా? ఆకలేస్తోందా?"

"నాకు కాదు, కారుకి."

నిజంగానే కారుకి. పిండి ముద్ద పట్టుకుని నేనూ షాపుకు వెళ్లాను. ఆ కారు బ్రేకులు మా ఇంట్లో పెద్ద పళ్లెమంత ఉంటాయి. వాటిని పట్టి ఆపే భాగానికీ, కొత్త చక్రం చువ్వలకూ మధ్య ఎంత సందు ఉందో కంటికి కనబడదు. అందుకని చువ్వ లోపలి వైపు ఒక ముద్ద అతికించి, చక్రం తగిలించి, చేత్తో మెల్లగా తిప్పి, మళ్లీ విప్పి, ఆ ముద్ద ఎంత మందాన మిగిలిందో కొలుస్తారు. మిగిలినంతే సందు. నా పిండి నాలుగు మిల్లీమీటర్లు మిగిలింది. చాలునన్నాడు విష్ణు. నా చపాతీలు ఎప్పుడూ అంత పలచగా రాలేదు.

తర్వాత బిగింపు. షాపులో అందరికంటే పాతవాడు ఏళుమలై అన్న. ఆయన చక్రాన్ని పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి పట్టుకుంటే, విష్ణు బోల్టులను ఒకదానికి ఎదురుగా ఒకటి బిగించాడు. ఇంక చాలు అన్న చోట ఆ రెంచి 'టక్' అంటుంది. ఆ శబ్దం నాకెంత నచ్చిందంటే, ప్రతి టక్కుకూ నవ్వాను. ఇరవై టక్కులు. ఏళుమలై అన్న నా వైపు జాలిగా చూశాడు.

మరునాడు ఆదివారం. సాయంత్రం నాలుగింటికి శివరాజ్ గారు వచ్చి కారు తీసుకెళ్తారు. పొద్దున చూస్తే చక్రాల మధ్యలో పెట్టే నాలుగు మూతలు పెయింటరు దగ్గరే ఉండిపోయాయి. విష్ణు కృష్ణగిరికి బయల్దేరుతూ నాతో అన్నాడు:

"ఏళుమలై అన్న వచ్చేదాకా నువ్వు షాపులో కూర్చో. కారును ఎవుర్నీ తాకనీయొద్దు."

ఎవరినీ తాకనివ్వలేదు. నేను తప్ప.

ఎదురుగా కారు. పచ్చని ఒళ్లు, తెల్లని చక్రాలు. ఏదో వెలితిగా అనిపించింది. పోయిన వారం ఈ షాపు నుంచి పాత కారొకటి కొత్త టైర్లతో బయల్దేరినప్పుడు దానికే పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి పంపారు. ఇంత గొప్ప కారు బోసి నుదుటితో పోవడమా? షాపు ముందు పూలూ నిమ్మకాయలూ అమ్మే అంగాళమ్మక్క దగ్గర నాలుగు నిమ్మకాయలు కొన్నాను. షాపులో దేవుడి పటం ముందున్న పసుపును గిన్నెలో చిక్కగా కలిపాను. చక్రానికి ఒక బొట్టు చాలు. కానీ పది చువ్వలుంటే ఒక్కదానికే పెట్టి మిగతా తొమ్మిదిటిని చిన్నబుచ్చడం నాకు నచ్చలేదు. నలభై బొట్లు పెట్టి, ఒక్కోదాని మీద కుంకుమ అద్ది, పదకొండు ఫోటోలు తీసుకున్నాను.

గంట తర్వాత, ఇంత ఎక్కువ బాగుండదేమోనని గుడ్డతో తుడిచాను. కుంకుమ పోయింది. పసుపు పోలేదు. నలభై పసుపు మచ్చలు నన్ను చూస్తున్నాయి.

గబగబా బకెట్టులో సబ్బునీళ్లు కలిపి రుద్దాను. నా కళ్ల ముందే పసుపు మచ్చలు నెత్తురు రంగుకు తిరిగాయి.

అప్పుడు గుర్తొచ్చింది. సబ్బు క్షారం. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. కుంకుమ తయారయ్యేదే అలాగ. ఈ ప్రయోగం ఏడో తరగతిలో చేశాను, డిగ్రీలో చేశాను, మా తమ్ముడికి ట్యూషన్ కూడా చెప్పాను.

అంతలో ఏళుమలై అన్న వచ్చాడు. వంగి ఒక చక్రం చూశాడు, ఇంకో చక్రం చూశాడు.

"ఏంమ్మా ఇది? కారుకు అమ్మోరు పోసినట్లుండాదే!"

నాకు ఏడుపొచ్చింది. విష్ణుకు ఫోన్ చేసి, "బావా, ఏం కాలేదు, నువ్వు తొందరగా రా" అన్నాను. అలా అంటే మనిషి ఎంత వేగంగా వస్తాడో మీకు తెలుసు.

ఏడుపు విని అంగాళమ్మక్క పూలబుట్ట వదిలి లోపలికి వచ్చింది.

"దీనికేనా? నీ చీర మీద పసుపు పడితే ఏం చేస్తావు?"

"ఎండలో ఆరేస్తాను."

"మరి ఇదీ అంతే. ఆరెయ్."

"అక్కా, ఇది కారు!"

"కారును ఎవురు ఆరెయ్యమన్నారు తల్లీ? చక్రాలు ఊడబీకల్ల."

అప్పుడే విష్ణు మూతలు పట్టుకుని వచ్చాడు. చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు. వేలితో ఒక మచ్చను గీకి చూశాడు.

"ఎన్ని పెట్టినావు?"

"నలభై."

"లెక్కబెట్టి మరీ పెట్టినావా?"

"పది నాలుగులు నలభై కదా బావా."

"నిన్న చపాతీ పిండి, ఈ పొద్దు పసుపు. ఇంక పోపొకటి పెట్టేస్తే అయిపోతాది."

నవ్వలేదు. అతని చెవులు ఎర్రగా ఉన్నాయి, నా బొట్లంత ఎర్రగా. లేచి జాకీ అందుకున్నాడు.

టైర్ల కింద పెట్టడానికి తెచ్చిన నిమ్మకాయలు కోసి మచ్చల మీద రుద్దాను. పులుపు తగలగానే ఎరుపు మళ్లీ పసుపైంది. మంచినీళ్లతో కడిగి, నాలుగు చక్రాలనూ షాపు ముందు అట్టల మీద వెల్లకిలా పరిచాం. పదకొండు గంటల ఎండ. నేను కర్ర పట్టుకుని కాకులు వాలకుండా కాపలా కూర్చున్నాను.

"ముప్పై ఏండ్లుగా ఈ పని చేస్తాండాను," అన్నాడు ఏళుమలై అన్న. "పంచర్లు వేసినాను, గాలి పట్టినాను. చక్రాల వడియాలు పెట్టింది ఇదే మొదులు."

"ఎండ తగిలితే పసుపులోని రంగు విరిగిపోతుందన్నా. అది కెమిస్ట్రీ," అన్నాను.

"అదేదో పొద్దున్నే చెప్పుంటే బాగుండునమ్మా."

మూడింటికి చూస్తే మచ్చలు మాయం. సంతోషం పట్టలేక విష్ణు చెయ్యి పట్టుకున్నాను. అతను విడిపించుకోలేదు గానీ, రెండో చేత్తో ఒక చువ్వ చూపించాడు. అంగాళమ్మక్క పెద్ద గొడుగు నీడ ఎక్కువసేపు ఆ చువ్వ మీద పడిందేమో, ఒక్క బొట్టు లేత పసుపుగా అలాగే ఉంది. ఇంక టైము లేదు. మళ్లీ ఇరవై టక్కులు, వాటి మీద నాలుగు మూతలు. ఈసారి నేను నవ్వలేదు.

నాలుగింటికి సరిగ్గా శివరాజ్ గారు వచ్చారు. కారు చుట్టూ ఒకసారి తిరిగారు. రెండోసారి తిరుగుతూ కుడివైపు వెనక చక్రం దగ్గర ఆగి వంగారు.

"విష్ణప్పా, ఇదేంది?"

"తప్పు నాదే సార్..." అని విష్ణు మొదలుపెట్టాడు.

"కాదు సార్, నేను చేసినాను," అని అడ్డుపడి ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేశాను. బొట్లు, సబ్బు, నిమ్మకాయలు, గొడుగు, కాకులు. పెయింటరు హెచ్చరిక కూడా దాచలేదు.

ఆయన అంతా విన్నారు. "నలభై పెట్టి, ముప్పై తొమ్మిది తీసేసినారా?"

"అవును సార్."

"అయ్యో, ఎందుకు తీసినారమ్మా? మా అమ్మ పొద్దున్నుంచి మూడుసార్లు ఫోన్ చేసింది, బొట్టు పెట్టించినావా లేదా అని. బొట్టు లేని బండి ఎక్కనంటాది. ఇట్లాంటి కారుకు అడిగితే మీరు నవ్వుతారని నేను ఊరకుండిపోయినాను." చక్రాల వైపు చూపించారు. "దీనికుండాది. మిగతా మూడిటికీ?"

విష్ణు మెల్లగా గిన్నె తెచ్చి నా చేతికిచ్చాడు. నా మణికట్టు పట్టుకుని తెల్ల రంగు దాటించి, నల్ల రబ్బరు మీదికి తెచ్చాడు. మూడు టైర్లకు మూడు బొట్లు, మూడుసార్లూ చెయ్యి వదల్లేదు. నిమ్మకాయలు అయిపోయాయని గుర్తొచ్చి తిరిగేసరికి అంగాళమ్మక్క నాలుగు కాయలతో నిలబడి ఉంది.

"రుద్దేదానికి కాదు, తొక్కించేదానికి," అంది.

నిమ్మకాయలు ఒకటి తర్వాత ఒకటి చిట్లాయి. కారు నాలుగడుగులు పోయి ఆగింది. శివరాజ్ గారు అద్దం దించి తల బయట పెట్టారు.

"విష్ణప్పా, మా ఫ్రెండొకాయన వచ్చే వారం కారు పంపుతానన్నాడు. దానిది ఎర్ర రంగు. చక్రాలు ఏ రంగువైతే బాగుంటాయో మీ ఇంట్లో వాళ్లను అడగమన్నాడు."

విష్ణు నా వైపు చూశాడు. ఈసారి నవ్వాడు.

"నలుపు," అన్నాను, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.